ఎండ 46, ఆయిల్ 122

మొన్న రాత్రి బావగారు ఫోన్ చేశారు. కుటుంబమంతా కారులో దూరప్రయాణం పెట్టుకున్నారట. రెండు రోజులు నిప్పులు చెరిగే ఎండలో నడపాలి, మధ్యలో ఒక కొండ ఎక్కి దిగాలి. "ఇప్పుడు ఇంజిన్‌లో ఉన్నది 5డబ్ల్యూ-30 ఆయిల్. చూస్తే నీళ్లలా ఉంది. ఈ ఎండకి ఆగుతుందా? తీసేసి చిక్కటి 20డబ్ల్యూ-50 పోయిస్తే నిశ్చింతగా ఉంటుంది కదా, ఏమంటావు?" అన్నారు.

"బావా, ఆగండి. రేపు పొద్దున దాకా ఏ ఆయిలూ పోయించకండి" అన్నాను. నా గొంతు కాస్త పెరిగినట్టుంది, వెనక నుంచి అక్క "ఏమైందిరా?" అని అడగడం వినిపించింది. మూడేళ్ల కిందట సరిగ్గా ఇదే ఆలోచనతో నా కారుకి నేను చేయించిన పని గుర్తొచ్చింది. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఎండాకాలం వచ్చిందంటే ఇదే ప్రశ్న నన్ను అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు.

నాది 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్. మాన్యువల్‌లో ఆయిల్ 5డబ్ల్యూ-30 అని ఉంటుంది. ఆ రోజు బయట 46 డిగ్రీలు. కారులో ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ ఫుల్లులో ఉంది. 14 కిలోమీటర్ల కొండ దారి ఎక్కువ భాగం రెండో గేరులోనే ఎక్కి, పైన చెట్టు నీడన ఆపాను. ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతోంది. డ్యాష్‌బోర్డులో ఆయిల్ కూజా బొమ్మ ఉన్న ఎర్ర లైటు ఒక్కసారి మిణుకుమంది. ఆరిపోయింది. మళ్లీ మిణుకుమంది. యాక్సిలరేటర్ మీద కాలు పెడితే ఆరిపోతోంది, తీస్తే వెలుగుతోంది. వెంటనే ఇంజిన్ ఆపేశాను. గుండె గుబగుబలాడింది. ఆ లైటు ఆయిల్ ఒత్తిడి బాగా అడుగుకి పడితేగానీ వెలగదని నాకు తెలుసు.

గంటసేపు చల్లారనిచ్చి, మెల్లగా కిందికి దించి, దగ్గర్లో ఉన్న గ్యారేజీకి తీసుకెళ్లాను. విషయం వినగానే అక్కడి మెకానిక్ "అన్నా, ఈ ఎండలకి పల్చటి ఆయిల్ ఆగదు. 20డబ్ల్యూ-50 పోస్తా, ఇక లైటు మాట మర్చిపో" అన్నాడు. నమ్మాను. వేడికి నెయ్యి కరిగినట్టు ఆయిల్ పల్చబడుతుంది, అంచేత చిక్కటిది పోస్తే సరిపోతుంది అన్న మాట వినడానికి ఎంత సబబుగా ఉంటుందో! పాత ఆయిల్ దించుతున్న కుర్రాడు కొలత డబ్బా పైకెత్తి చూసి "రెండున్నరే దిగింది" అన్నాడు. ఆ మాట నేను విన్నాను. మెకానిక్ కూడా విన్నాడు. ఇద్దరం పట్టించుకోలేదు.

లైటు నిజంగానే మళ్లీ వెలగలేదు. కానీ మర్నాడు పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ పైభాగం నుంచి టకటకమని శబ్దం, మూడు నాలుగు సెకన్లు. అంతకు ముందెప్పుడూ లేదు. ఆ తర్వాత రోజూ అంతే. లీటరుకు 17 ఇచ్చే బండి 16 దాటలేదు. మూడో వారంలో చెక్ ఇంజిన్ లైటు వచ్చింది. ఇంకో పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే స్కానర్ పెట్టి, వాల్వ్ టైమింగ్ కోడ్ చూపించాడు. మా కారులో వాల్వులు తెరుచుకునే సమయాన్ని ముందుకీ వెనక్కీ జరిపేది ఆయిల్ ఒత్తిడే. సన్నటి దారుల్లోంచి ఆయిల్ చకచకా పారితేనే అది చెప్పినట్టు వింటుంది. ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "పాత ఆయిల్ తీసినప్పుడు ఎంత దిగింది?"

రెండున్నర. పట్టేది 3.6 లీటర్లు.

అంటే ఆ కొండ మీద నా ఇంజిన్‌లో లీటరుకు పైగా ఆయిల్ తక్కువుంది. అది పోసి అప్పటికి 11,000 కిలోమీటర్లు అయింది. మధ్యలో నేను డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) ఒక్కసారి కూడా తీసి చూడలేదు. ఉన్న కాస్త ఆయిలే మాటిమాటికీ తిరిగి మరింత వేడెక్కింది. మలుపుల్లో అది ఒక పక్కకి ఒరిగినప్పుడు పంపు గాలి కూడా పీల్చి ఉంటుంది. చిక్కటి ఆయిల్ నా సమస్యని తీర్చలేదు. కొత్త ఆయిల్ నిండా పోయడం వల్ల తీరింది. పోసింది 5డబ్ల్యూ-30 అయినా తీరేదే.

ఆ తర్వాత ఈ విషయం అంతు చూడాలనిపించింది. డబ్బా మీద అంకెల దగ్గరే చాలామంది తికమకపడతారు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

'డబ్ల్యూ' అంటే చలికాలం. దాని ముందున్న అంకె చలిలో ఇంజిన్ తిరగగలదా, పంపు ఆయిల్‌ని లాగగలదా అని చూసే పరీక్షది. 5డబ్ల్యూకి మైనస్ 30, మైనస్ 35 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూకి మైనస్ 15, మైనస్ 20 దగ్గర ఆ పరీక్షలు చేస్తారు. ఎండలో నడిపేవాళ్లకి ఆ అంకె గురించి బెంగ అక్కర్లేదు. '5 అంటే పల్చన, 20 అంటే చిక్కన, కాబట్టి ఎండకి 20 మంచిది' అనుకోవడం తప్పు. వేడెక్కాక ఎలా ఉంటుందో చెప్పేది వెనక అంకె. ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ వాళ్ల జే300 పట్టిక ప్రకారం 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు (అంటే వెనక అంకె 30 ఉన్న ఆయిల్) చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) లోపు, 40 గ్రేడుది 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి. 5డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 రెండూ 100 డిగ్రీల దగ్గర ఒకే పట్టీలోకి వస్తాయి. ముందు అంకె చిన్నదైతే నష్టమేమీ లేదు. పైగా ఎంత ఎండాకాలమైనా తెల్లవారుజామున ఇంజిన్ చల్లగానే ఉంటుంది, అప్పుడు ఆయిల్ పైదాకా త్వరగా చేరుతుంది. చిక్కటి 20డబ్ల్యూ-50 అలా త్వరగా చేరకపోవడమే నా టకటక శబ్దానికి మూలం. 40 డిగ్రీల దగ్గర మామూలు 5డబ్ల్యూ-30 చిక్కదనం 65 సెంటీస్టోక్స్ చుట్టుపక్కల ఉంటే, 20డబ్ల్యూ-50ది 160 చుట్టుపక్కల ఉంటుంది. రెండు రెట్లకు పైమాటే.

ఇక బావగారి అసలు భయం, బయటి ఎండ. ఇక్కడ నేను అనుకున్నదీ నిజమూ చాలా దూరంగా ఉన్నాయి.

మా కారు కంప్యూటర్ ఆయిల్ ఉష్ణోగ్రత కూడా చెబుతుంది (అన్ని కార్లూ చెప్పవు). ఆ కంప్యూటర్ అంకెలు చదివే ఒక చిన్న ఓబీడీ పరికరం కొని, ఫోన్‌కి కలిపి, పక్కన కూర్చున్నవాళ్లతో నోట్‌బుక్‌లో రాయించడం మొదలుపెట్టాను. బయట 31 డిగ్రీలున్న రోజు, చదును రోడ్డు మీద 90 వేగంతో అరగంట నడిపితే ఆయిల్ 95 దగ్గర నిలబడింది. బయట 46 ఉన్న రోజు అదే రోడ్డు, అదే వేగం: 101. ఎండ 15 డిగ్రీలు పెరిగితే ఆయిల్ పెరిగింది 6 డిగ్రీలే. కారణం థర్మోస్టాట్. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి ఒక స్థాయి దాటాక అది రేడియేటర్ దారి ఇంకా తెరుస్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది. బయట చలిగా ఉన్నా ఎండగా ఉన్నా ఇంజిన్ తనకి కావలసిన వేడిలోనే ఉండాలని చూస్తుంది. రేడియేటర్‌కి సత్తువ ఉన్నంతవరకు ఆయిల్ కూడా దాన్ని పట్టుకునే నడుస్తుంది.

అదే 46 డిగ్రీల రోజు, అదే కొండ, ఐదుగురు, సామాను, ఏసీ: 122. నోట్‌బుక్‌లో ఆ అంకె చుట్టూ మా తమ్ముడు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. కూలెంట్ 92 నుంచి 101కి వెళ్లింది. ఆయిల్ మాత్రం చదును రోడ్డు మీద ఉన్నదానికంటే 21 డిగ్రీలు పైకి పోయింది. ఆయిల్‌ని కాల్చేది బయటి ఎండకంటే బరువూ, ఎత్తూ, తక్కువ వేగమూ. మూడూ కలిసిన చోట ఎండ తోడైతే అప్పుడు నిజంగా ఆలోచించాలి. ఊళ్లో ఆఫీసుకి వెళ్లొచ్చే కారుకి, ట్రాలీ లాగుతూ కొండలెక్కే కారుకి ఎండ ఒకటే అయినా ఆయిల్ సమస్య ఒకటి కాదు.

మరి గ్రేడు పెంచితే ఎంత కలిసొస్తుంది? నేను వాడిన రెండు ఆయిల్స్ డేటా షీట్లు (తయారీదారు ఇచ్చే వివరాల కాగితాలు) ముందేసుకుని లెక్క కట్టాను. 30 గ్రేడుది 40 డిగ్రీల దగ్గర 65, 100 దగ్గర 11. 40 గ్రేడుది 85, 14. ఈ రెండేసి అంకెల నుంచి పై ఉష్ణోగ్రతలకి గీత పొడిగిస్తే 130 డిగ్రీల దగ్గర మొదటిది 6.3కి, రెండోది 7.9కి వస్తాయి. అంటే 130 దగ్గర 40 గ్రేడు ఎంత చిక్కగా ఉంటుందో, 30 గ్రేడు ఇంచుమించు 117 దగ్గర అంత చిక్కగా ఉంటుంది. ఒక్క గ్రేడు పెంచితే మనకి దొరికే వెసులుబాటు దాదాపు 13 డిగ్రీలు. ఈ లెక్క కట్టిన రాత్రి నాకు చాలా తేలికగా అనిపించింది. 30 నుంచి ఎకాఎకి 50కి దూకడంలో అర్థం లేదని అప్పుడు తెలిసింది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, నేను అందరికీ చెప్పేది ఇదే. 100 డిగ్రీల దగ్గర చిక్కదనాన్ని కొలిచేటప్పుడు ఆయిల్ సన్నటి గొట్టంలోంచి దాని బరువుకి అదే కిందికి జారుతుంది. బేరింగ్‌లో పరిస్థితి అది కాదు. క్రాంక్‌షాఫ్ట్‌కీ బేరింగ్‌కీ మధ్య వెంట్రుక మందంలో ఎన్నో వంతు సన్నటి పొరగా ఆయిల్ ఉంటుంది. ఆ పొరని షాఫ్ట్ భయంకరమైన వేగంతో లాగుతూ ఉంటుంది. 5డబ్ల్యూ-30 లాంటి, ముందూ వెనకా అంకెలున్న మల్టీగ్రేడ్ ఆయిల్‌లో పాలిమర్ అణువులు కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు అవి దారపు ఉండల్లా ముడుచుకుని ఉంటాయి, వేడికి విచ్చుకుని ఆయిల్‌ని మరీ పల్చబడనివ్వవు. కానీ అంత వేగంతో లాగినప్పుడు ఆ దారాలు ఒకే దిక్కుకి దువ్వినట్టు సర్దుకుపోతాయి, చిక్కదనం పడిపోతుంది. నడవగా నడవగా కొన్ని దారాలు తెగిపోతాయి కూడా, ఇక మళ్లీ అతుక్కోవు. అందుకే 150 డిగ్రీల దగ్గర, అంత వేగంతో లాగుతూ కొలిచే పరీక్ష ఇంకోటి ఉంది. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 20 గ్రేడుకి కనీసం 2.6, 30కి 2.9, 5డబ్ల్యూ-40కి 3.5, 50కి 3.7 మిల్లీపాస్కల్ సెకన్లు ఉండాలి.

ఎండలో బరువుతో నడిపేవాళ్లు డేటా షీట్‌లో ముందు చూడాల్సింది ఈ అంకె. ఎందుకంటే 5డబ్ల్యూ-30 అని రాసి ఉన్న రెండు డబ్బాలు ఒకటి కావు. ఏసీఈఏ (యూరప్ వాహన తయారీదార్ల సంఘం) సీ3 అని ఉన్న 5డబ్ల్యూ-30కి హెచ్‌టీహెచ్‌ఎస్ కనీసం 3.5 ఉండి తీరాలి. ఇంధనం ఆదా కోసం చేసిన మామూలు 5డబ్ల్యూ-30లో అది 3 చుట్టుపక్కలే ఉండొచ్చు. గ్రేడు మార్చకుండానే బేరింగ్‌కి గట్టి పొర దొరికే దారి ఇది. అయితే మాన్యువల్ ఆ స్పెసిఫికేషన్‌ని ఒప్పుకోవాలి, అది తప్పనిసరి. డీజిల్ కారుకి పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటే, బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. లేకపోతే గ్రేడు సరిపోయినా ఫిల్టర్ మెల్లగా పూడుకుపోతుంది.

'చిక్కటి ఆయిల్ పోశాక ప్రెషర్ బాగా చూపిస్తోంది' అని సంతోషించేవాళ్లని చూశాను. ఒత్తిడి పెరగడం అంటే ఎక్కువ ఆయిల్ పారుతోందని కాదు. పారడానికి అడ్డు ఎక్కువైనా ఒత్తిడి పెరుగుతుంది. ఒక హద్దు దాటాక పంపు దగ్గరున్న రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని, మిగిలిన ఆయిల్‌ని బేరింగుల దాకా పోనివ్వకుండా వెనక్కి తిప్పేస్తుంది. ఇంజిన్‌లో ఆయిల్ జారుడు కోసమే కాదు, వేడిని మోసుకుపోవడానికి కూడా. అది చురుగ్గా తిరగాలి.

బైకుల సంగతి వేరు. గాలితో చల్లబడే ఇంజిన్‌లో థర్మోస్టాట్ ఉండదు, ఎండ తీవ్రత ఆయిల్‌కి నేరుగా తగులుతుంది. ఒకే ఆయిల్ గేర్లకి కూడా పనిచేస్తే ఆ పాలిమర్ దారాలు ఇంకా త్వరగా తెగుతాయి. నాన్న పాత బైకు మాన్యువల్‌లో 20డబ్ల్యూ-50 అని ఉంది, దానికి అదే పోస్తాం. క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండే బైకులకి డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ప్రమాణం) ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందో లేదో చూడాలి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

నా కారు విషయానికొస్తే, మాన్యువల్ వెనక పేజీల్లో ఒక చిన్న పట్టిక ఉంది. కింద బయటి ఉష్ణోగ్రత, పైన గ్రేడులకి పొడుగాటి గీతలు. అందులో ఎండ వైపు 5డబ్ల్యూ-40కి కూడా గీత ఉంది. మూడేళ్లపాటు గ్లవ్ బాక్స్‌లో ఉన్న పుస్తకాన్ని నేను తెరిచి చూడలేదు. ఇప్పుడు ఎండలు ముదిరే ముందు సర్వీసులో హెచ్‌టీహెచ్‌ఎస్ 3.7 ఉన్న 5డబ్ల్యూ-40 పోయిస్తున్నాను. పొద్దున శబ్దం పోయింది, కోడ్ మళ్లీ రాలేదు, మైలేజీ 17కి కొంచెం తక్కువ. కొండ మీద ఆయిల్ వేడి 121, 123 మధ్యే ఉంటోంది. వేడి తగ్గలేదు, తగ్గుతుందని నేను అనుకోనూ లేదు. అంత వేడిలోనూ పొర కాస్త మందంగా ఉంటుంది, నాకు కావలసింది అంతే. ఎక్కేటప్పుడు ఇంజిన్ మూలుగుతున్నా పై గేరులోనే లాగించడం కూడా మానేశాను. ఇంజిన్ తక్కువ చుట్లతో, ఎక్కువ బరువుతో తిరిగేటప్పుడే బేరింగ్‌లో పొర బాగా పల్చబడుతుంది. ఒక గేరు దించితే శబ్దం పెరుగుతుంది గానీ బేరింగ్‌కి అది హాయి.

గ్రేడు కంటే ముందు చూడాల్సింది ఆయిల్ వయసు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయిల్ పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. 95 దగ్గర గడిపిన నెలా, 120 దగ్గర గడిపిన నెలా ఆయిల్‌కి సమానం కాదు. అందుకే కఠినమైన వాడకానికి మాన్యువల్‌లో విడిగా తక్కువ కిలోమీటర్ల గడువు ఇస్తారు. నేను ఎండాకాలం దూరప్రయాణాలు చేసిన ఏడాది 7,000 దగ్గరే మార్చేస్తున్నాను.

డిప్‌స్టిక్ ఇప్పుడు ప్రతి రెండో ఆదివారం తీస్తాను. చదును నేల మీద, ఇంజిన్ ఆపి పది నిమిషాలయ్యాక. మొదటిసారి తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా లోపలికి నొక్కి, అప్పుడు చూడాలి. వెలుతురుకి వాల్చి పట్టుకుంటే రెండు గుర్తుల మధ్య తేనె రంగు పొర అంచు కనబడుతుంది. పై గుర్తు దాటనివ్వను, దాటితే నురగ కట్టి ఇంకో తంటా. సగం కిందికి వస్తే అదే ఆయిల్ కొంచెం కొంచెంగా పోసి, ఆగి, మళ్లీ చూస్తాను. వేళ్ల మధ్య రుద్ది 'పల్చబడింది' అని తేల్చేవాళ్ల మాట నేను నమ్మను. వేడి ఆయిల్ ఏదైనా చేతికి పల్చగానే తగులుతుంది.

మర్నాడు పొద్దున్నే బావగారికి మళ్లీ ఫోన్ చేశాను. మాన్యువల్ దొరికింది. డీజిల్ ఇంజిన్, మసి ఫిల్టర్ ఉంది, సీ3 స్పెసిఫికేషన్ ఉన్న 5డబ్ల్యూ-30 అని స్పష్టంగా రాసి ఉంది. 50 గ్రేడు ఊసే లేదు. ఇప్పుడున్న ఆయిల్ పోసి 9,000 కిలోమీటర్లయిందట. "డిప్‌స్టిక్ తీసి ఫొటో పంపండి బావా" అన్నాను. పది నిమిషాలకి వచ్చింది. పెద్దది చేసి చూస్తే నల్లటి పొర అంచు కింది గుర్తుకి ఒక గోరంత పైన ఉంది.

నిన్న అదే గ్రేడు, అదే స్పెసిఫికేషన్‌తో కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయించారు. పాతది ఎంత దిగిందో కొలిపించమని మరీ మరీ చెప్పాను. కొలిపించారు. రేపు తెల్లవారకముందే బయల్దేరుతున్నారు. డిక్కీలో అదే ఆయిల్ లీటరు డబ్బా ఒకటి, ఒక పాత నూలు గుడ్డ పెట్టుకోమన్నాను.